తొమ్మిదో నంబరు తలుపు మీద నక్షత్రం

జాన్సన్‌విల్, వెల్లింగ్టన్
మార్చి 2006

ప్రియమైన పెద్దమ్మకి,

జెన్సీ వందనాలు. ఫోన్ చేస్తే "తిన్నావా, స్వెట్టరేసుకున్నావా" అని రెండు మాటలడిగి, డ్యూటీకి టైమైందని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. పైగా ఈమధ్య నాకు రాయడమంటే పిచ్చి పట్టుకుంది. ఏది చూసినా దానికి సరిపోయే మాట దొరికేదాకా మనసు ఊరుకోవడంలేదు. నిన్న ట్రైన్లో హార్బర్ నీళ్ళ రంగుకి మాట వెతుక్కుంటూ దిగాల్సిన స్టేషన్లో దిగడం మర్చిపోయాను. నవ్వకు.

అసలు సంగతి. మా టూరిజం డిప్లొమాలో ఒక్కొక్కళ్ళు ఒక పాత వీధిని తీసుకుని దాని చరిత్ర, అక్కడి షాపుల కథ రాయాలి. బాగుంటే ఆ వీధి షాపులవాళ్ళే చిన్న పుస్తకంగా వేస్తారట. అంటే అట్ట మీద నా పేరు! నేను క్లారెన్స్ రో తీసుకున్నాను. ఇంగ్లండులో ఒకరి తర్వాత ఒకరు జార్జి రాజులు ఏలిన కాలంలో కట్టిన ఇళ్ళని జార్జియన్ ఇళ్ళంటారు. అలాంటి వీధినొకదాన్ని చూసొచ్చిన ఉన్ని వ్యాపారి ఒకాయన, వంద ఏళ్ళు ఆలస్యంగా, ఇక్కడ అచ్చం అలాగే కట్టించాడట. అన్నీ ఒకే ఎత్తు. ఎర్ర ఇటుక, తెల్ల కిటికీలు, నల్ల తలుపులు. ప్రతి తలుపు నెత్తిన అర్ధచంద్రాకారపు అద్దం. దాన్ని "సగం ఉదయించిన సూర్యుడు" అని రాసుకున్నాను. ఎలా ఉంది?

మీరు వెల్లింగ్టన్‌లో ఉన్న రోజుల్లో ఆ వీధి చూశారా? పెదనాన్న ఉంటే బోలెడు కబుర్లు చెప్పేవారు. నువ్వైనా రాయి.

నీ
జెన్సీ


మౌంట్ రోస్కిల్, ఆక్లాండ్
ఏప్రిల్ 2006

చిట్టితల్లి జెన్సీకి,

దేవుని దయవల్ల బాగున్నాను. నీ ఉత్తరం చదివాను. చేతిరాత మీ అమ్మది, సాగదీత మాత్రం మీ నాన్నది.

ఒక సంగతి రాయడానికి నీళ్ళ రంగు, సూర్యుడు, చంద్రుడు ఎందుకే? మా రెస్ట్‌హోమ్‌లో ఉండే ముసలివాళ్ళకి నేను చార్ట్ రాస్తాను. "ఫలానావిడ సగం సూప్ తాగింది, రెండుసార్లు ఏడ్చింది." అంతే. నర్సుకి అన్నీ అర్థమవుతాయి.

ఆ వీధి చూశాను. ఇటుకలు. కిటికీలు. దాని గురించి రాసేంత ఏముంది? వెల్లింగ్టన్‌లో వేరే వీధులే లేవా? క్యూబా స్ట్రీట్ తీసుకో, ఎంత సందడి! రేవు తీసుకో. ఆ వీధి మట్టుకు వద్దు. మీ టీచర్నడిగి మార్చుకో.

జాన్సన్‌విల్లో నువ్వుంటున్న ఇంటి ఆంటీకి వందనాలు చెప్పు. వాళ్ళ ఇంట్లో హీటర్ ఎక్కువసేపు వెయ్యకు, అనుకుంటారు. ఆదివారం చర్చికి వెళ్తున్నావా?

పెద్దమ్మ


జాన్సన్‌విల్, వెల్లింగ్టన్
మే 2006

ప్రియమైన పెద్దమ్మా,

వీధి మార్చలేదు. కోప్పడకు. మార్చకపోవడానికి కారణం మిస్టర్ ఆల్డర్టన్.

నాలుగో నంబరులో ఆయనది పాత పుస్తకాల షాపు. తెల్ల జుట్టు, మోచేతుల దగ్గర తోలు అతుకులేసిన కోటు. వీధి షాపుల సంఘానికి ప్రెసిడెంటు. నేను రాసిన మొదటి పేజీ చదివి, పెన్సిల్ తీసి, మూడు వాక్యాలు కొట్టేశారు. ఏడుపొచ్చింది. "ఇప్పుడు చదువు" అన్నారు. పెద్దమ్మా, ఆ మిగిలిన నాలుగో వాక్యం గాజుబొమ్మలా మెరిసింది! "నీకు వాక్యం లయ పట్టే చెవి ఉంది అమ్మాయ్" అన్నారు. నాకెవరూ ఇప్పటిదాకా అలాంటి మాట అనలేదు. అందరూ వీసా ఎప్పటిదాకా ఉందని అడిగేవాళ్ళే.

వీధి కథంతా ఆయనే చెప్తున్నారు. ఒకటో నంబరులో పూర్వం టోపీలు కుట్టేవాళ్ళట. ఏడులో మిసెస్ డఫీ బటన్లు, ఊలు అమ్ముతుంది. ఆవిడ ఇప్పటికీ ప్రతి బటన్నీ కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి చూపిస్తుంది. పదకొండు మంగలి షాపు. తొమ్మిదిలో మొదట గొడుగులు బాగుచేసేవాడట. వెల్లింగ్టన్ గాలికి విరిగిన గొడుగులకి కరువేముంది? అతను చచ్చేదాకా వ్యాపారం తగ్గలేదని నవ్వారు. తర్వాత కొన్నేళ్ళు ఖాళీగా పడి ఉండి, ఇప్పుడు కాఫీ షాపయింది.

అన్నిటికంటే వింత ఏమిటో తెలుసా? డిసెంబరు మొదటి రోజున ఈ వీధివాళ్ళు ప్రతి తలుపు మీదా కాయితం నక్షత్రం కట్టి, లోపల బల్బు పెడతారట! అచ్చం చీరాలలో మన ఇళ్ళ ముందు కట్టినట్టు! "ఎప్పట్నించీ?" అంటే, "ఈ వీధికి అది పాత ఆచారం" అన్నారు. భూమికి ఈ చివర కూడా మన నక్షత్రమే! దాని మీద ఒక పేజీ మొత్తం రాస్తాను.

నీ
జెన్సీ


మౌంట్ రోస్కిల్
జూన్ 2006

జెన్సీకి,

ఆ ముసలాయన ఇంకా పుస్తకాలు వాసన చూస్తూనే ఉన్నాడన్నమాట.

పాత ఆచారమా? ఎంత పాతదో అడిగావా? వాళ్ళ తాతలు కట్టారా? తాతల ఫోటో ఒకటి చూపించమను.

నీకు చెవి ఉందన్నాడు, సంతోషం. కళ్ళు కూడా ఉన్నాయి కదా. డఫీ గారు ఇంకా ఉన్నారని రాశావు. తొమ్మిదో నంబరు సంగతి ఆవిడనడుగు. అతన్నడక్కు. అతను లేనప్పుడు అడుగు.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను. మా రెస్ట్‌హోమ్‌లో ఇద్దరికి ఫ్లూ.

పెద్దమ్మ


జాన్సన్‌విల్
జూలై 2006

పెద్దమ్మా, పెద్దమ్మా,

ఎందుకు చెప్పలేదు?

మిసెస్ డఫీనడిగాను. ఆవిడ చేతిలో ఊలు ఉండ కింద పెట్టేసింది. "తొమ్మిదా? అది రాజూస్ కదమ్మా! మిస్టర్ రాజు, ఆయన భార్య. ఆవిడ నాకు చింతపండు చారు పోసేది, జలుబు చేస్తే. ఆ మొదటి నక్షత్రం కట్టింది ఆయనే. ఎర్రది, ఇంత!" అని రెండు చేతులూ చాపి చూపించింది. "మిస్టర్ రాజు మా పెదనాన్న" అన్నాను. ఆవిడ నన్ను కిటికీ వెలుతుర్లోకి తిప్పి, "అవును, ఆ కనుబొమలు మీ పెద్దమ్మవే" అంది.

నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ మీకు "వెల్లింగ్టన్‌లో ఏదో షాపుండేది" అని మాత్రమే విన్నాను. మీరు అక్కడ తిరిగిన రాళ్ళ మీదే నేను రోజూ తిరుగుతున్నానని తెలిసి కూడా, ఇటుకలు, కిటికీలు అని రాశావు!

ఎందుకు వెళ్ళిపోయారని అడిగితే మిసెస్ డఫీ చెప్పలేదు. "అది మీ పెద్దమ్మే చెప్పాలి, నేను సిగ్గుపడాల్సిన వీధిలో ఉంటున్నాను" అంది. చెప్పు పెద్దమ్మా. నేను రాస్తాను. షాపు పేరు పెట్టి, పెదనాన్న పేరు పెట్టి రాస్తాను. నా మాట. ఇది నా పుస్తకం, ఇంకెవరిదీ కాదు.

నీ
జెన్సీ


మౌంట్ రోస్కిల్
ఆగస్టు 2006

బంగారుతల్లి జెన్సీకి,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్ళయింది. రాద్దామని కూర్చోవడం, లేవడం. ఈ పూట సెలవు. వాన పడుతోంది. రాసేస్తాను.

మీ పెదనాన్న బాపట్లలో స్కూలు మాస్టారు. ఇక్కడికొచ్చాక ఆ చదువు పనికిరాలేదు. తొమ్మిదో నంబరు అద్దెకి తీసుకుని కందిపప్పు, చింతపండు, మసాలాలు, అప్పడాలు, అద్దెకిచ్చే సినిమా క్యాసెట్లు పెట్టాడు. మన సామాను కోసం రెండు గంటల దూరంలో ఉన్న పామర్‌స్టన్ నార్త్ నించి కూడా జనం వచ్చేవాళ్ళు. తెలుగు మాట వినడానికి వచ్చి, ఒక ధనియాల పొట్లం కొనుక్కుని, సాయంత్రందాకా కూర్చునేవాళ్ళు. నేను వెనక గదిలో చారు కాచేదాన్ని.

మొదటి డిసెంబర్లోనే నక్షత్రం కట్టాడు. గార్డెన్ షాపులో మొక్కలకి ఊతం పెట్టే వెదురు పుల్లలు కొన్నాడు. ఎర్ర కాయితం, మైదా జిగురు. ఇక్కడ డిసెంబరంటే ఎండాకాలం, తొమ్మిదిదాకా వెలుతురే. "పట్టపగలు నక్షత్రం ఎవడికి కనపడుతుందయ్యా" అని నేను వెక్కిరించేదాన్ని. "చీకటి పడకుండా ఎక్కడికి పోతుందిలే" అనేవాడు. డిసెంబరు పొడుగునా ప్రతి పొద్దున షాపు తలుపు తియ్యకుండా ఆ నక్షత్రాన్ని దించుకుని నేల మీద కూర్చునేవాడు. కస్టమర్లు బయట నిలబడి ఉండేవాళ్ళు. నేను అరిచేదాన్ని. ఆ నెలంతా ఆయన చేతులు కడిగినా మైదా పోయేది కాదు.

సంఘంవాళ్ళు ముందు నక్షత్రం తియ్యమన్నారు. ఇది జార్జియన్ వీధి, సర్కస్ డేరా కాదన్నాడు మీ ఆల్డర్టన్. మీ పెదనాన్న, పిచ్చి మా రాజు, "ఇది కూడా మీ పండగేనండీ, ఏసుప్రభువు పండగే" అని వివరించబోయాడు. వాళ్ళకి అది ఇంకా నచ్చలేదు. తర్వాత మసాలా వాసన మొదలైంది. తన పుస్తకాలకి మా వాసన పడుతోందని, కొన్నవాళ్ళు తెచ్చి ఇచ్చేస్తున్నారని అన్నాడు. మా లీజు అయిపోయే ముందు ఇంటి ఓనరు ఆ వీధివాళ్ళనే అడిగాడు, వీళ్ళని ఉంచాలా వద్దా అని. టీరూములో మీటింగు. మమ్మల్ని కూడా పిలిచారు, చూడు, అదీ వాళ్ళ మర్యాద. టీ ఇచ్చారు. బిస్కెట్లిచ్చారు. వద్దనేవాళ్ళు చెయ్యెత్తమన్నారు. అందరూ ఎత్తారు. రోజూ మా దగ్గర అల్లం టీ తాగే మంగలి కూడా ఎత్తాడు. డఫీ గారొక్కతే ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మీ పెదనాన్న లేచి నిలబడి, అందరికీ థాంక్స్ చెప్పాడు. ఎందుకు చెప్పావయ్యా అంటే, అలవాటు శిరోమణీ అన్నాడు.

ఆ మరుసటి డిసెంబర్లో వీధివీధంతా తెల్ల నక్షత్రాలు కట్టారని ఎవరో చెప్పారు. మీ పెదనాన్న బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాడు. నేను తిట్లు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన వచ్చి చెప్పులు విప్పుతూ, "వాళ్ళకి నచ్చిందే, శిరోమణీ" అన్నాడు. సంతోషంగా. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత ఆక్లాండ్ వచ్చేశాం, టాక్సీ నడిపాడు, గుండె ఆగిపోయింది. అదంతా నీకు తెలుసు.

నాకు న్యాయం అక్కర్లేదు. ఎవర్నీ తిట్టక్కర్లేదు. ఒక్క వాక్యం రాయి. "తొమ్మిదో నంబరులో సుందర్ రాజు, శిరోమణి అనే వాళ్ళు షాపు నడిపారు" అని. నువ్వు సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ పెట్టుకున్నా ఫర్వాలేదు, ఆ పేరు మాత్రం ఉండాలి. ఆయన ఈ దేశంలో ఉన్నాడనడానికి సమాధి రాయి తప్ప ఇంకెక్కడా పేరు లేదు.

షాపు ముందు ఆయన నిలబడ్డ ఫోటో పంపుతున్నాను. ఇదొక్కటే కాపీ. జాగ్రత్త.

ప్రేమతో
పెద్దమ్మ


జాన్సన్‌విల్
అక్టోబరు 2006

ప్రియమైన పెద్దమ్మకి,

ఆలస్యానికి క్షమించు. పుస్తకం పనిలో ఊపిరాడలేదు. ఫోటో భద్రంగా ఉంది.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. వెంటనే రెండు పేజీలు రాశాను. ఇప్పటిదాకా రాసినవాటిలో అదే మంచి రాత అనుకున్నాను. మిస్టర్ ఆల్డర్టన్‌కిచ్చాను. ఆయన కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. నెమ్మదిగా చదివి, కళ్ళజోడు తీసి, "ఇది చాలా శక్తిగల రాత. కానీ ఇది నీ బాధ, వీధి చరిత్ర కాదు. ఈ పుస్తకం కొనేవాళ్ళు సెలవుల్లో కాఫీ తాగుతూ చదువుతారు. వాళ్ళ ఒళ్ళో మన దుఃఖం పెట్టొచ్చా?" అన్నారు. మీ మీద ఆయనకేం ద్వేషం లేదు పెద్దమ్మా. "మంచి మనిషి రాజు" అని కూడా అన్నారు. ఆ రోజులు అలాంటివి అన్నారు.

నేను చాలా ఆలోచించాను. రాతకి కూడా ఒక మర్యాద ఉంటుంది. ఏది రాయాలో తెలియడం కంటే ఏది వదిలెయ్యాలో తెలియడం కష్టం. పుస్తకం వెయ్యాల్సింది సంఘం. వాళ్ళు వెయ్యకపోతే ఇది క్లాసు ఫైల్లో పడి ఉంటుంది. అప్పుడు పెదనాన్నా ఉండరు, వీధీ ఉండదు, నేనూ ఉండను. బయటికొస్తే కనీసం నక్షత్రం ఉంటుంది. ఆయన నక్షత్రమే కదా అది, పేరు లేకపోయినా. చదివేవాళ్ళకి తెలియకపోయినా నీకూ నాకూ తెలుసు. అది చాలదా?

తొమ్మిదో నంబరు గురించి చివరికి ఇలా వచ్చింది. ఇంగ్లీషులో ఇంకా బాగుంటుంది, నీకోసం తెలుగు చేశాను: "గొడుగులవాడి తర్వాత కొన్నేళ్ళు ఖాళీగా నిద్రపోయిన తొమ్మిదో నంబరు, ఒక ఉదయం కాఫీ పరిమళానికి మేలుకుంది." నక్షత్రాల గురించి: "ఈ ఆచారం ఎప్పుడు మొదలైందో వీధిలో ఎవరికీ గుర్తులేదు. వెలుతురుకి పుట్టినరోజు ఉండదు."

ఆ చివరి వాక్యం చదివి మిస్టర్ ఆల్డర్టన్ పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నారు. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. మొదటిసారి.

అర్థం చేసుకుంటావు కదూ?

నీ
జెన్సీ


మౌంట్ రోస్కిల్
అక్టోబరు 2006

జెన్సీకి,

అర్థమైంది.

మా పేర్లు వద్దులే. వదిలెయ్. నక్షత్రం కూడా వాళ్ళనే ఉంచుకోమను. ఒక్క మాట మార్చు. "ఖాళీగా" అన్నది తీసెయ్. దాని చోట ఏమైనా పెట్టుకో. "ఎవరో ఉన్నారు" అని పెట్టు. "పప్పులమ్మేవాళ్ళు ఉన్నారు" అని పెట్టు. ఏమీ పెట్టకపోయినా సరే, గొడుగుల నించి కాఫీకి గెంతేయ్. ఖాళీ అని మాత్రం రాయకు. మేము ఆ నేల రోజూ తుడిచాం.

ప్రింటుకి వెళ్ళే లోపు ఈ ఉత్తరం అందుతుందని ఆశ.

పెద్దమ్మ


జాన్సన్‌విల్
డిసెంబరు 2006

ప్రియమైన పెద్దమ్మకి,

నువ్వు వస్తావని ముందే చెప్పి ఉంటే బాగుండేది.

అక్టోబరు ఉత్తరం అందింది. అప్పటికి ప్రింటు మొదలు కాలేదు, నిజమే. కానీ పేజీలన్నీ కూర్చేశారు. ఒక మాట కదిపితే వాక్యం లయ మొత్తం పోతుంది. నువ్వు ఇలాంటివి పట్టించుకోవని తెలుసు. జవాబు రాద్దామని అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

ఆవిష్కరణ రోజు నువ్వు అంత దూరం బస్సులో వచ్చి, ఆ ఎర్ర నక్షత్రం పట్టుకుని గుంపులో నిలబడితే నేను కంగారుపడ్డాను. ఒకపక్క మా టీచర్లు, ఒకపక్క పేపరువాళ్ళు, అప్పుడే మైకు దగ్గరికి రమ్మంటున్నారు. ఆ హడావిడిలో నిన్ను సరిగ్గా పరిచయం చెయ్యలేకపోయాను. మనసులో పెట్టుకోకు. నువ్వు వెళ్ళిపోయాక చాలాసేపు వెతికాను. నువ్వు తిన్నావో లేదో కూడా తెలియదు.

పుస్తకం అందరికీ నచ్చింది. మా క్లాసులో నాదొక్కటే అచ్చయింది. మిస్టర్ ఆల్డర్టన్ నన్ను అందరికీ "మా వీధి రచయిత్రి" అని చూపిస్తున్నారు. పక్క వీధివాళ్ళు కూడా రాయమని అడిగారు. నీకొక కాపీ విడిగా పంపాను, సంతకం చేసి.

ఒక సాయం కావాలి. ఆ రాత్రే దక్షిణపు గాలి లేచింది. సంఘంవాళ్ళ తెల్ల నక్షత్రాలు పొద్దుటికల్లా ముక్కలు ముక్కలై వీధంతా ఎగిరాయి. ప్రతి ఏడూ ఇదే గొడవట. మిసెస్ డఫీ అందరి ముందూ "రాజు నక్షత్రం ఒక్కసారి కూడా చిరగడం నేను చూడలేదు" అంది. మిస్టర్ ఆల్డర్టన్‌కి ఆసక్తి కలిగింది. పెదనాన్న ఏ పద్ధతిలో కట్టేవారు? కాయితం రకమా, జిగురులో ఏమైనా కలిపేవారా, వెదురు వంచడంలో కిటుకా? రాసి పంపగలవా? పుస్తకం రెండో ముద్రణలో "నక్షత్రం చేసే విధానం" అని ఒక పేజీ పెడదామంటున్నారు. అలా అయినా పెదనాన్న పనితనం ఆ పుస్తకంలోకి వస్తుంది కదా. నేనైతే బాగా ఆలోచించే అడుగుతున్నాను.

నీ
జెన్సీ


మౌంట్ రోస్కిల్, ఆక్లాండ్
జనవరి 2007

రచయిత్రి జెన్సీ గారికి,

శిరోమణి నమస్కరించి రాయునది. తమరు పంపిన పుస్తకం అందింది. అట్ట మీద తమరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. మీ అమ్మకి కూడా ఒక కాపీ పంపండి. అక్క షాపు ఎక్కడుండేదో దానికి తెలుసు. పేజీ తిప్పి వెతుక్కుంటుంది.

ఆ రోజు నన్ను పరిచయం చెయ్యలేదని రాశారు. పాపం, మరిచిపోయినట్టున్నారు. చేశారు. ఆల్డర్టన్ నా వంక చూసి, "మీవాళ్ళా?" అని అడిగాడు. తమరు నవ్వుతూ, "మా చర్చిలో ఒక ఆంటీ" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. అతను నన్ను గుర్తుపట్టాడు, జెన్సీ గారూ. టీరూములో నాకు బిస్కెట్ల ప్లేటు అందించిన మనిషి. మీరు ఆ మాట అనగానే అతని మొహం ఎంత తేలికపడిందో నేను చూశాను. మీరు చూడలేదు, మైకు వైపు చూస్తున్నారు. తర్వాత నా చేతుల్లో నక్షత్రం తీసుకుని కోట్లు పెట్టే బల్ల కింద పెట్టారు. రంగు కలవదన్నారు. డఫీ గారు దాన్ని తీసి నా చేతికిచ్చి బస్టాండు దాకా వచ్చింది. ఆ వయసులో, ఆ గాలిలో. నేను తిన్నానో లేదోనని అడిగారు. ఆవిడ బన్ను కొనిపెట్టింది.

ఇక్కడొక తమాషా జరిగింది. మా రెస్ట్‌హోమ్‌లో వెల్లింగ్టన్ నించి వచ్చిన ముసలావిడ ఒకావిడ ఉంది. కళ్ళు కనపడవు. క్రిస్మస్‌కి కూతురు తమరి పుస్తకం తెచ్చిచ్చింది. చదివి వినిపించమని నన్నడిగింది. అది నా పనిలో భాగమే. ఒకటో నంబరు నించి చదువుకుంటూ వచ్చాను. టోపీలు, బటన్లు. తొమ్మిదో నంబరు దగ్గర ఆగుదామనుకున్నాను. ఆగలేదు. ఖాళీగా నిద్రపోయింది అని తమరు రాసింది రాసినట్టు, స్పష్టంగా చదివాను. "ఎంత బాగా రాసిందీ పిల్ల, అది మళ్ళీ చదువు" అందావిడ. మళ్ళీ చదివాను.

ఇక నక్షత్రం చిరక్కుండా చేసే విధానం అడిగారు.

విధానమేమీ లేదు. మాది కూడా చిరిగేది. రోజూ చిరిగేది. వెల్లింగ్టన్ గాలికి కాయితం నిలుస్తుందా? రోజూ పొద్దున వీధి లేవకముందే దాన్ని దించి, నేల మీద కూర్చుని, చిరిగిన చోటల్లా కొత్త కాయితం అతికించి, మళ్ళీ కట్టేవాడు ఒకాయన. అందుకే అది చిరగడం ఎవరూ చూడలేదు. మీ వీధివాళ్ళలో ఎవరైనా అలా కూర్చోగలిగితే కూర్చోమనండి. రెండో ముద్రణలో వేసుకోండి.

అయితే ఇది నేను చెప్పానని రాయకండి, మీ పుస్తకం తప్పయిపోతుంది. ఆ ఏళ్ళల్లో ఆ షాపులో ఎవరూ లేరు కదా.

పెదనాన్న ఫోటో మీ దగ్గరే ఉంది. తిరిగి పంపించండి. అందులో ఉన్నాయన మీకేమీ కాడు.

ఇట్లు
మీ చర్చిలో ఒక ఆంటీ